తువ్వాలు చాటున ఆరినవి

మా లేడిపిల్లకు పరుగంటే ప్రాణం. లేడిపిల్ల అన్నది మా అమ్మాయికి వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. బడి జట్టులో చోటు కోసం ఎంపిక పరుగు దగ్గర పడింది. వచ్చే ఏడాదికి దాని వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. తెల్లారగానే మైదానానికి వెళ్ళి చెమటతో తడిసి ముద్దయి వచ్చేది. ఆ చెమట చూస్తే నా గుండెల్లో దడ. ఏ క్రిములు చేరతాయో, ఏ మాయరోగం అంటుకుంటుందో!

అందుకని దాని లోబట్టలు వేరే బకెట్లో ఉతికి, ఆఖరి నీళ్ళలో పుండ్లు కడిగే మందు ఒక మూత పోసేదాన్ని. ఆ తర్వాత మళ్ళీ జాడించేదాన్ని కాదు, మందు పోతుందని. ఆరేసేది స్నానాల గది తలుపు వెనక, పైన తువ్వాలు కప్పి. వరండాలో తీగ ఉంది, బోలెడంత ఎండా ఉంది. కానీ అన్ని వాటాల వాళ్ళూ అటే నడుస్తారు. ఆడపిల్ల లోబట్టలు నలుగురి కళ్ళా పడితే ఎలా?

"నీకు వదిలేస్తే మమ్మల్ని కూడా ఆ బకెట్లో ముంచి పిండేస్తావే" అనేవారు మా ఆయన.

"నవ్వండి, నవ్వండి. ఏదైనా అయితే ఆస్పత్రికి పరిగెత్తేది నేనే."

"నువ్వు పరిగెత్తితే జట్టులో చోటు నీకేనమ్మా" అంది పిల్ల.

ఒకరోజు దాని నడకలో తేడా కనిపించింది. కాళ్ళు ఎడంగా వేస్తోంది.

"ఏమైందే?"

"ఏం లేదు. కాస్త ఒరుసుకుంది, అంతే."

క్రిములే అనుకున్నాను. మందు రెండు మూతలు చేశాను. ఆ తర్వాత మూతతో పని లేకుండా సీసానే వంచాను. ఎప్పుడడిగినా పిల్ల "ఏం లేదు" అనే అంది.

ఎంపిక రోజున పరుగు నేర్పే టీచరమ్మ ఫోన్ చేసింది. "మీ అమ్మాయి గీత దగ్గరే కూలబడి ఏడుస్తోందండీ. అడుగు వేయలేకపోతోంది. త్వరగా రండి."

డాక్టరమ్మ తెర వెనక పరీక్ష చేసి వచ్చేదాకా నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

"పెద్ద రోగమేనా? దాచకండమ్మా, తట్టుకుంటాను."

"రోగం కాదమ్మా. చర్మం ఎర్రగా కమిలి పొర లేచిపోయింది. లోబట్టలు దేంతో ఉతుకుతారు?"

గర్వంగానే చెప్పాను. మందు సంగతి, తలుపు సంగతి, తువ్వాలు సంగతి. ఆమె చేతిలో కలం పక్కన పెట్టింది.

"ఆ మందే కాల్చింది. పైగా చెమ్మ. మామూలు సబ్బు చాలు. నురగ పోయేదాకా జాడించండి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. చెమట పట్టగానే మార్చుకోమనండి, నూలువి, వదులుగా ఉన్నవి. ముందే చూపిస్తే ఇంతవరకూ వచ్చేది కాదు."

ఇంటికి వస్తూ, "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే నువ్వు ఏడుస్తావు. పరుగు మాన్పిస్తావు. అయ్యాక చెబుదామనుకున్నా."

నా బిడ్డకు నొప్పి కన్నా నేనంటేనే ఎక్కువ భయం అయిందా అనుకున్నాను.

పుండు మానింది, జట్టులో చోటు మాత్రం చేజారింది. ఇప్పుడు తన బట్టలు తనే ఉతుక్కుంటోంది. మొదటిసారి వరండా తీగకు క్లిప్పులు పెట్టి ఆరేస్తుంటే, పై వాటా బాబాయిగారు మెట్లెక్కుతున్న చప్పుడైంది. నేను తువ్వాలు పట్టుకుని పరిగెత్తాను.

"వద్దమ్మా" అంది, నా వైపు తిరగకుండానే.

ఆగిపోయాను. ఆయన తన దారిన తను వెళ్ళిపోయారు. అటు కన్నెత్తి కూడా చూడలేదు.

నిన్న దానికి ఒంట్లో నలతగా ఉంటే, విడిచిన బట్టలు నేనే బకెట్లో వేశాను. సబ్బు కొంచెమే పట్టింది. పెద్దగా ఉతకాల్సిన పని కూడా లేకపోయింది. ఈమధ్య వాటికి చెమట పట్టడం లేదు.