నలభై రెండో ఇల్లు

"మాకేం తిప్పల్లేదు సార్, అలవాటయింది" అన్నాడు మా ఆయన శాంసన్, నీళ్ల సర్వేకు వచ్చినతనితో, గుమ్మంలో కుర్చీ వేసుకుని. అప్పుడు నేను ట్యాంకర్ నీళ్ల బిందెతో మెట్లెక్కుతున్నాను. మా నాచారం బిల్డింగులో బోరు ఎండిపోయి రెండేళ్లయింది. డ్యూటీకి పోయేలోపు మూడో అంతస్తుకు పన్నెండు బిందెలు చేర్చాలి. మోసేవాడికి తెలుసు కావడి బరువు అంటారు. మా ఇంట్లో మోసేది నేను, అలవాటయింది ఆయనకు. సర్వే అతను పక్కకు జరిగి దారిచ్చాడు. నన్నేమీ అడగలేదు.

అడగకపోవడం నాకు కొత్త కాదు, నా ఉద్యోగమే అది. హిమాలయాల్లో మంచు తగ్గిపోతుంటే అక్కడి ఊళ్లు ఎలా నెట్టుకొస్తున్నాయో మా ఆఫీసువాళ్లు హిందీలో అడిగి రికార్డు చేసుకొస్తారు. హబ్సిగూడ ఆఫీసులో కూర్చుని నేను విని టైపు చేస్తాను. ఇంటికి ఒక్క జవాబే, అదీ ఇంటి పెద్దది. వెనక వినిపించే మాటలకు 'శబ్దం' అని కొట్టి వదిలేయమన్నారు మా ఆఫీసర్ జనార్ధనరావు సార్. నలభై ఒక్క ఇళ్లకు అలాగే కొట్టాను.

నలభై రెండో ఇంటి పెద్దమనిషి హుషారుగా చెప్పాడు. కొండ మీది మంచు తరిగిపోయి విత్తనాల వేళకు నీళ్లందడం లేదట. అందుకని చలికాలంలోనే వాగు నీళ్లను పైపుతో తెచ్చి, చిమ్మి, గుట్టలా గడ్డకట్టిస్తారట. ఎండలు మొదలయ్యాక అది కరిగి పొలాలకు పారుతుందట. "ఇప్పుడు మాకేం కష్టం లేదు. అలవాటైపోయింది."

వెనక నుంచి ఆడగొంతు. "పైపు గడ్డకట్టకుండా ఆ చలిలో కాపలా ఉండేది మేము. ఐదో నెల కడుపుతో నేనే ఉన్నాను. బిడ్డ పోయింది. అది కూడా రాసుకోండి."

"నోర్ముయ్" అన్నాడతను. రికార్డింగు ఆగిపోయింది.

పోయిన వేసవిలో నాకు నాలుగో నెల. మా మెట్ల మీదే, ఏడో బిందెకు, నడుములో మొదలైంది నొప్పి. "మేం మొయ్యలేదా నీళ్లు? బిందె మోస్తె కడుపులు పోతయా?" అంది మాతోనే ఉండే మా అత్తమ్మ దానమ్మ. "ఎవ్వరికి జెప్పకు రెబెక్కా, అయిపాయె గద" అన్నాడు శాంసన్. చెప్పలేదు. ప్రార్థన కూటంలో పాస్టరమ్మ అడిగితే జ్వరమన్నాను. నా బిడ్డను కూడా నేనే 'శబ్దం' అని కొట్టేశాను. కంప్యూటర్ ముందే ఏడ్చాను.

"ఒకే ఇంట్లో రెండు జవాబులుంటే ఎట్ల సార్?" అని జనార్ధనరావు సార్‌ను అడిగాను.

"ఫారంలో గడి ఒక్కటేనమ్మా."

"ఇంకో గడి గీస్త సార్."

వెనక మాటలు కూడా రాయడానికి మొదటి ఇంటి రికార్డింగు మళ్లీ పెట్టాను.

సాయంత్రం ఇంటికొచ్చాక, సర్వే అతను ఇచ్చిపోయిన నంబరుకు శాంసన్ ఎదుటే ఫోన్ చేశాను.

"సార్, పొద్దున మా ఇంటి జవాబు సగమే రాసుకున్నరు."

"ఇంటాయన చెప్పిండు గదమ్మా."

"నీళ్లు మోసేది నేను. మా ఇంట్ల ఎంతమందని రాసుకున్నరు?"

"ముగ్గురు."

"బంద్ చెయ్ రెబెక్కా" అంటూ శాంసన్ ఫోన్ కోసం చెయ్యి చాపాడు. నేను పక్కకు జరిగాను.

"నలుగురం ఉండాలె సార్. అది రాసుకోండ్రి."