ముక్కుగారి నాలుక

పత్రిక ఆఫీసులో ఆయన్ని అందరూ ముక్కుగారనే పిలిచేవారు. వైన్లు, బ్రాందీలు, పండ్లూ మూలికలూ నానబెట్టి తీపి కలిపి చేసే లిక్యూర్లు రుచి చూసి, ఏది బాగుందో ఏది బాగాలేదో పాఠకులకు చెప్పడం ఆయన ఉద్యోగం. గ్లాసు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారంటే, అందులో ఏ పండు పడిందో, అది ఏ చెక్క పీపాలో ఊరిందో చెప్పేసేవారు.

ఆ ముక్కు ఒక జ్వరంతో మూగబోయింది. జ్వరం తగ్గింది, ఆకలి వచ్చింది, వాసన మాత్రం రాలేదు. రోజూ ఘాటైన వాసనలు పీలుస్తూ ఉంటే తిరిగి రావచ్చన్నాడు డాక్టరు. జన్మలో మందు ముట్టని ఆయన భార్య లవంగాలు, నిమ్మతొక్క, కాఫీపొడి చిన్న సీసాల్లో వేసి పొద్దునా సాయంత్రమూ ముక్కు కింద పెట్టేది.

"ఏమైనా తెలిసిందా?"

"గాలి తెలిసింది."

ఆయన ముక్కుసూటి మనిషి. తెలియని వాసన తెలిసినట్టు రాయలేక, ఉద్యోగం మానేస్తానని ఎడిటరమ్మతో చెప్పేశారు. ఆవిడ ఆ పని ఆయన మేనకోడలికి అప్పజెప్పాలనుకుంది. ఆయన దగ్గరే నేర్చుకున్న పిల్ల, చురుకైనది. చిక్కల్లా ఆమె ఇప్పుడు కడుపుతో ఉంది. చుక్క నోట్లో వేసుకోదు.

ఆదివారం మేనకోడలు ఇంటికొచ్చి, కూర్చోకుండానే అడిగింది.

"మామయ్యా, నీకు నాలుక పోలేదుగా?"

"తీపి, చేదు, పులుపు, మంట. అంతవరకే. దాంతో రివ్యూ రాస్తారటే ఎవరైనా?"

"నేను తాగకూడదు. వాసనంటావా, పక్కింటివాళ్లు సబ్బు మార్చినా తెలిసిపోతోంది. నేను వాసన చెప్తా, నువ్వు రుచి చెప్పు. ఇద్దరం కలిసి ఒకటే రాద్దాం."

"నవ్విపోతారే అమ్మాయ్!"

లోపల్నించి ఆయన భార్య అందుకుంది. "నవ్వనీయండి. ఇంట్లో మీ మొహం చూడలేక చస్తున్నాను."

జరిగింది పాఠకులకు దాచకుండా చెప్పాలని ఎడిటరమ్మ షరతు పెట్టింది. "అది నేనే అడుగుదామనుకున్నా" అన్నారు ముక్కుగారు.

తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద గ్లాసులు, పక్కన ఉమ్మడానికి స్టీలు బకెట్. మొదటిది కమలా లిక్యూర్. మేనకోడలు వాసన చూసింది.

"తొక్కని గోటితో గీరితే నూనె అంటుకుంటుందే, అచ్చం అది. వెనకాల ఎండుగడ్డి."

ఆయన ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేశారు. "తీపి ముందొచ్చి మర్యాదగా తప్పుకుంది. చేదు ఆలస్యంగా వచ్చింది గానీ, వచ్చి తిష్ట వేసింది. గొంతులో మంట లేదు. బాగుంది."

తర్వాతది అక్రోటు లిక్యూర్. మేనకోడలు మురిసిపోయింది. "కాల్చిన గింజలు, చాక్లెట్... అద్భుతం మామయ్యా!"

"అద్భుతమేంటే? పంచదార పాకం. పళ్లకి అంటుకుపోతోంది."

"నీకు వాసన తెలీక అలా అంటున్నావ్."

"నువ్వు తాగక అలా అంటున్నావ్."

గొంతులు లేచాయి. గొడవ విని వచ్చిన ఎడిటరమ్మ తలుపు దగ్గరే నిలబడి మొత్తం వింది. "ఇది ఇలాగే రాయండి" అంది.

అలాగే రాశారు. పత్రిక వచ్చిన వారమే ఒక దుకాణంవాడు ఫోన్ చేశాడు. "మామా మేనకోడలూ కొట్టుకున్న సీసా ఏదని అడుగుతున్నారండీ జనం!"

ముక్కుగారు మళ్లీ వేళకు ఆఫీసుకు రావడం మొదలుపెట్టారు. ఒక గుక్క ఎంత చిక్కగా ఉంది, చేదు ఎక్కడ తగిలింది, నోరు ఎంతసేపటికి ఆరింది అని శ్రద్ధగా గమనించేవారు. "ఇన్నాళ్లూ ముక్కు పెత్తనంలో పడి నాలుకని పట్టించుకోలేదోయ్" అన్నారు భార్యతో.

ఒక మధ్యాహ్నం ఊడ్చే ఆవిడ, ఒలికిన వైన్ తుడుస్తోంది. ఆయన ఉన్నట్టుండి తల తిప్పారు.

"ఏదో కంపు!"

"గుడ్డ ఇప్పుడే ఉతికానండీ" అందావిడ, మొహం చిన్నబుచ్చుకుని.

మేనకోడలు లేచి నిలబడింది. "తడిగుడ్డ ముక్కిన వాసన మామయ్యా. నిజంగానే వస్తోంది!"

ఆయన ఆ గుడ్డ అడిగి తీసుకుని, మొహానికి ఆనించుకుని, గుండెనిండా పీల్చారు. ఊడ్చే ఆవిడ ముక్కున వేలేసుకుంది. ఆయన కళ్లు తుడుచుకుంటూ భార్యకు ఫోన్ చేశారు. "ఏమోయ్, కంపు తెలుస్తోంది!"

మర్నాడు ఎర్ర వైన్ గ్లాసు ముందు ఆయన చాలాసేపు వంగి కూర్చున్నారు.

"చెప్పకు, చెప్పకు... నేరేడా?"

"కాదు."

"పోనీ, పండేనా?"

"పండే మామయ్యా."

తన వంతు వాక్యంలో ఆయన "ఏదో పండు" అని రాసి, కింద సంతకం పెట్టారు.