కుడి భుజం మీద పైట

రొయ్యలు ఒలుస్తున్నాను. ఈస్టర్ ముందు తపస్సుకాలం కదా, మా ఇంట్లో నలభై రోజులూ మాంసం ఉండదు. శుక్రవారాలు మానేస్తే చాలంటుంది మా క్యాథలిక్ తిరుసభ. మా ఆయన బాలశౌరికి తిరుసభ చెప్పింది చాలదు. రొయ్యలు మాత్రం మానక్కర్లేదట. ఒలిచేది ఆయన కాదుగా!

మా కృతి తొమ్మిదో తరగతి. కిచెన్‌లోనే లాప్‌టాప్ పెట్టుకుని హోంవర్క్ చేస్తోంది. "డాడీ, ఫండమెంటలిజం అంటే ఎగ్జాక్ట్‌గా ఏంటి? క్యాథలిక్స్‌కి అప్లై అవుతుందా?" అని అడిగింది.

బాలశౌరి ఇలాంటి ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ఫోను పక్కన పెట్టాడు. "ఆ మాట పుట్టిందే ఇక్కడి అమెరికన్ ప్రొటెస్టెంట్లలో అమ్ములూ. బైబిల్లో ప్రతి మాటా లిటరల్‌గా తీసుకునేవాళ్ళు. మనకి పోప్ ఉన్నారు, రెండువేల ఏళ్ళ ట్రెడిషన్ ఉంది. సో, మనకి అప్లై అవదు."

చెప్పింది తప్పేం కాదు, చదువుకున్న మనిషి. నాకే రొయ్య మీద చెయ్యి ఆగిపోయింది.

మాది ఫిరంగిపురం. అక్కడ మేం చర్చిని గుడి అనే అంటాం. మా అమ్మ కాసంత బొట్టుతో, సిలువ ఉన్న తాళిబొట్టుతో రోజూ పూజకి వెళ్ళేది. పెంతెకోస్తు వాళ్ళెవరైనా మమ్మల్ని సగం హిందువులంటే, పెళ్ళయిన కొత్తలో బాలశౌరే వాళ్ళమీద ఇంతెత్తున లేచేవాడు. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట ఉద్యోగం పోయి నాలుగు నెలలు ఈ కాపెల్ ఊళ్ళో ఇంట్లో కూర్చున్నప్పుడు ఏవో వీడియోలు పట్టుకున్నాడు. ఉద్యోగం మళ్ళీ వచ్చింది గానీ వీడియోలు పోలేదు. "బొట్టు తీసెయ్, గుళ్ళో అందరూ హిందువనుకుంటారు." తీసేశాను. "గిరిజ గారింటి వ్రతానికి వెళ్ళకు." మానేశాను. "సుమతి పంపిన పులిహోర ప్రసాదమేమో కనుక్కో." కనుక్కోకుండానే చెత్తలో వేశాను. ఒక్కొక్కటీ చిన్నదే, ఇంత చిన్నదానికి గొడవెందుకులే అనుకున్నాను. సర్దుకుపోవడం కూడా ఇంటిపనే. అంట్లలాగే అదీ నా వంతే.

సుమతి మా వెనకవీధిలో ఉండేది. కృతి పుట్టినప్పుడు సిజేరియనై నేను మంచం దిగలేకపోతే, నలభై రోజులు కారప్పొడీ నెయ్యీ వేసి అన్నం కలిపి తెచ్చిపెట్టింది. దానికి కాన్సర్ వస్తే ఎనిమిది నెలలు ప్రతి గురువారం కీమోకి నేనే డ్రైవ్ చేశాను. ఒక గురువారం కారులో ఉన్నట్టుండి అంది: "లూర్దూ, నేను పోతే నన్ను నువ్వే తయారుచెయ్యాలే. ఆ ఫ్యూనరల్ హోమ్ వాళ్ళకి చీర కట్టడమేం వచ్చు? మా అమ్మాయి అదితికా, కుచ్చిళ్ళు ఎటుంటాయో కూడా తెలీదు. గంధంరంగు కంచిపట్టు. బొట్టు కాస్త పెద్దదే పెట్టు, జుట్టెలాగూ లేదు." ఛీ, నోర్ముయ్యవే అన్నాను. అని, సరేనన్నాను.

అది పోయి మూడు వారాలైంది. అంత్యక్రియల రోజు పొద్దున్నే వాళ్ళాయన రాజ్ ఫోన్ చేశాడు. "లూర్దు గారూ, ఎనిమిదింటికల్లా ఫ్యూనరల్ హోమ్‌కి రాగలరా? మీరే కట్టాలని చెప్పి పోయింది." వస్తున్నానని బయల్దేరబోతుంటే బాలశౌరి కాఫీ తాగుతూ, గొంతు పెంచకుండా అన్నాడు: "వెళ్ళి చూసి రావడం వేరు, వాళ్ళ రిచువల్ చేతులారా చెయ్యడం వేరు. అది వేరే దేవుళ్ళని కొలవొద్దన్న మొదటి ఆజ్ఞకే విరుద్ధం. తర్వాత నీ ఇష్టం, నీ ఆత్మ నీది. కానీ పిల్ల చూస్తోంది." తలుపుకి అడ్డం రాలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఎప్పుడూ పట్టుకోడు. కారు తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. నేను రాజ్‌కి ఫోన్ చేసి, జ్వరంగా ఉందని చెప్పాను.

పదకొండింటికి ముగ్గురం వెళ్ళి వెనక వరసలో నిలబడ్డాం. పెట్టెలో సుమతి గంధంరంగు చీరలోనే ఉంది. పైట కుడి భుజం మీద ఉంది. అదితి యూట్యూబ్‌లో చూసి, ఎదురుగా నిలబడి కట్టిందట. భుజం దగ్గర ఆరు పిన్నులు. బొట్టు చిన్నది, ఓ పక్కకి జారింది. "ఆంటీ, అమ్మకి బానే కట్టానా?" అని అదితి నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "చాలా బాగా కట్టావమ్మా," అన్నాను. నాలుగడుగులు ముందుకేసి ఆ పైట సరిచెయ్యడానికి కూడా నాకు కాళ్ళు రాలేదు. ఇప్పటికీ స్నానం చేసి చీర కట్టుకుంటే, పైట వేసుకునే చోట ఏడుపొస్తుంది.

పోయిన శనివారం పాపసంకీర్తనానికి వెళ్ళి జ్వరమని అబద్ధమాడానని చెప్పాను. ముసలి అమెరికన్ ఫాదర్ ఎందుకని అడిగితే అంతా చెప్పాల్సి వచ్చింది. ఆయన, "వెళ్ళడం పాపమని నీకెవరు చెప్పారమ్మా? అది దయ కదా," అన్నాడు. చిన్నప్పుడు సత్యోపదేశం క్లాసులో నేను అప్పజెప్పిన దయాకార్యాలే: బట్టల్లేనివారికి బట్టలివ్వడం, చనిపోయినవారిని సాగనంపడం. ఆ పొద్దున సుమతికి ఆ రెండూ కావాల్సొచ్చాయి. ఇక నా తప్పుని దేవుడి మీద తోసేద్దామన్నా వీల్లేకుండా పోయింది.

"డెఫినిషన్ ఓకే డాడీ," అంటోంది కృతి. "బట్ మా టీచర్‌కి ఒక రియల్ ఎగ్జాంపుల్ కావాలి. మామ్, నీకేమైనా తెలుసా?"

చేతులు కడుక్కుని దాని పక్కన కూర్చున్నాను. "సుమతి ఆంటీ చీర గురించి రాయి," అని మొదలుపెట్టి, జ్వరం అబద్ధంతో సహా అంతా చెప్పాను.

"లూర్దూ, పిల్ల ముందు ఏంటిది?" అన్నాడు బాలశౌరి. ఆయన మొహం పాలిపోయింది. నేను ఆపలేదు.

కృతి ఆయన వైపు చూసి, నా వైపు చూసింది. "సో... డాడీ గురించి రాయాలా?"

"డాడీ నమ్మి ఆపాడు. నేను నమ్మకుండానే ఆగిపోయాను. ఇద్దరి పేర్లూ రాయి తల్లీ, నాది ముందు రాయి."