వదులు కొలత

తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె. ఆవిరి.

కొట్టంతా వెచ్చటి నూలు వాసన... సుద్దముక్క వాసన... గుమ్మంలోంచి వానవాసన.

ఈ వాసన తల్లికి తెలుసు. చిన్నప్పుడు మెట్ల కింద నిలబడి పీల్చింది. లోపల నిలబడి పీల్చడం మాత్రం ఇదే మొదలు.

పక్కన కూతురు. నల్లకోటు కుట్టించుకోవాలి. వచ్చే సోమవారం కోర్టులో మొదటిసారి వాదించాలి. ఆ పిల్ల ఇంట్లో నోరు విప్పితే మూసే రకం కాదు కాబట్టి తల్లికి వాదన గురించి దిగులు లేదు. దిగులంతా కోటు గురించే.

ఒంటికి సరిపోయే కోటు. అంతే కోరిక.

ఎందుకంటే వాళ్ళింట్లో ఎవరి ఒంటికీ ఏ బట్టా సరిపోయింది లేదు.

అప్పట్లో ఈ కొట్టు ఇప్పటి టైలరమ్మ మామగారిది. వాగవతలి వాళ్ళని ఆయన ముట్టుకునేవాడు కాదు. వాళ్ళు మెట్ల కింద నిలబడాలి. ఆయన పైనుంచి ఒకసారి చూసేవాడు — కంటితోనే కొలత. ఎందుకైనా మంచిదని అన్నీ వదులుగా కుట్టేవాడు.

ఆ వదులులోకి గాలి దూరేది.

తల్లి వాళ్ళ నాన్న — గాలిలో ఆయన నడిచొస్తుంటే ముందు చొక్కా వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. ఇంకొకళ్ళని కూడా లోపలికి రమ్మను, చోటుందిగా అని భార్య వేళాకోళం చేసేది. గాలి ఆడొద్దటే అని ఆయన నవ్వేవాడు.

నవ్వి నవ్వి, ఒకరోజు ఆ మెట్లెక్కాడు.

ఒంటరిగా కాదు. వాగవతలి వాళ్ళందరినీ వెంటబెట్టుకుని. అందరికీ ఒకటే గుమ్మం అన్నాడు. తలలు పగిలాయి. వాన వచ్చి మెట్లు కడిగింది. ఆ తర్వాత చాన్నాళ్ళకి చట్టం వచ్చింది. కొట్టుకొట్టుకీ ఒక బోర్డు వచ్చింది — అందరికీ ప్రవేశం ఉంది, ఎవరికీ తేడా లేదు.

గెలిచాడు. కానీ మళ్ళీ ఈ కొట్టుకి రాలేదు. ఆ వదులు చొక్కాల్లోనే పోయాడు.

అందుకే తల్లి పట్టుబట్టింది. కోట్లు కుట్టేవాళ్ళు ఊళ్ళో ఇంకొందరు ఉన్నారు. అయినా ఇక్కడే... ఈ కొట్లోనే తన పిల్ల చుట్టూ టేపు తిరగాలి. నాన్న చూసుంటే ఎంత బాగుండేదో అనుకుంటూ మెట్లెక్కింది.

టైలరమ్మ మంచిదే. మాట తేనె. అయ్యో తడిసిపోయారే అని ఫ్యాను వేసింది. లాయరని వినగానే మురిసిపోయింది. మెడలోంచి టేపు తీసింది. ఏదీ, చేతులు చాచు తల్లీ అంది.

కూతురు చేతులు చాచింది.

ఇంత వానలో ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా అని టైలరమ్మ మాటవరసకి అడిగింది.

వాగవతల నుంచి అని తల్లి మాటవరసకే చెప్పింది.

టేపు ఆగింది.

ఆగి... మళ్ళీ మెడలోకి వెళ్ళిపోయింది.

"ఆది చొక్కా ఏదైనా తెచ్చారా అమ్మా? అదిచ్చి వెళ్తే చాలు, దాన్ని చూసి కుట్టేస్తాను."

అదే నవ్వు. అదే తేనె.

పాత చొక్కా చూసి కోటు కుట్టరని ఎవరికి తెలియదు? తల్లికీ తెలుసు. అయినా, తేలేదండీ అంది — తప్పు తనదే అన్నట్టు. కూతురు చేతులు దించింది.

అంతలో గొడుగు దులుపుకుంటూ ఇంకో అమ్మాయి వచ్చింది. ఈ వీధి పిల్లే. టైలరమ్మ టేపు తీసింది. నడుం చుట్టూ తిప్పింది. ఇలా చిక్కిపోయావేమిటే, మీ అమ్మ తిండి మానేయించిందా అని మేలమాడింది. కొలత రాసుకుని, వీపు తట్టి పంపింది.

కూతురు అంతా చూసింది.

మళ్ళీ చేతులు చాచింది.

"నన్నూ కొలవండి ఆంటీ."

గొంతు పెంచలేదు. అలిగినట్టూ లేదు. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి.

టైలరమ్మ చెయ్యి టేపు దాకా వెళ్ళింది. ఆవిడ మొహం నల్లబడింది. సిగ్గే కావచ్చు. కావాలని బాధపెట్టే మనిషి కాదు, చేతికి పుట్టింటి నుంచీ ఉన్న అలవాటు. టేపు తీసి బల్ల మీద పెట్టింది. తల్లి వైపు జరిపింది.

"మీరే కొలిచి చెప్పండమ్మా, నేను రాసుకుంటాను."

కొట్లాడదామంటే తిట్టలేదు. ఏడుద్దామంటే గెంటలేదు. గుమ్మం తెరిచే ఉంది. బోర్డు గోడ మీదే ఉంది. ఇంత మర్యాదగా దూరం పెడితే ఏ కోర్టుకి వెళ్ళి చెప్పుకోవాలి?

తల్లి టేపు అందుకుంది. అందుకుంటున్న తన చేతిని చూస్తే ఆమెకే ప్రాణం చివుక్కుమంది. కానీ కోటు కావాలి. సోమవారానికి కావాలి.

పిల్ల ఛాతీ చుట్టూ టేపు తిప్పింది. కొస తెచ్చి అంకె మీద ఆనించింది.

"వదులుగా ఉందమ్మా," అంది కూతురు మెల్లిగా.

తల్లి చూసుకుంది. టేపుకీ పిల్లకీ మధ్య తన వేళ్ళే ఉన్నాయి. ఎప్పుడు దూర్చిందో తెలియదు. ఎవరూ దూర్చమనలేదు.

"తియ్యమ్మా."

తియ్యాలి. తీస్తే చాలు...

ఎంతొచ్చిందమ్మా అని బల్ల అవతల నుంచి టైలరమ్మ అడుగుతోంది. పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తోంది.



టేపు లోపల పిల్ల ఊపిరి — వెచ్చగా, పైకీ కిందికీ — తల్లి వేళ్ళకి తగులుతూనే ఉంది.