మంచుగదిలో ఆవిడ లేచిందా?

నేను సైన్స్ ఫిక్షన్ చదువుతాను. చదివినదానికి చిట్టా రాస్తాను. దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు, మా అత్తగారు మా ఇంటికి వచ్చేదాకా.

ముందు చిట్టా సంగతి. నేను కోల్డ్ స్టోరేజీలో మెకానిక్‌ని. కూరగాయలు, పళ్లు పాడవకుండా ఉంచే చలిగదులు, వాటిని చల్లబరిచే కంప్రెసర్లు, పంపులు నా బాధ్యత. పగలంతా చలిలో గడిపి ఇంటికొచ్చి మళ్లీ గడ్డకట్టిన గ్రహాల మీద పడతాను. అయితే నాకో పద్ధతి ఉంది. రచయిత చలి విషయంలో పప్పులో కాలేశాడా, అక్కడితో పుస్తకం మూసేస్తాను. చిట్టాలో పుస్తకం పేరు, పేజీ, అందాకా నడిచిన కథ, తప్పు రాసి, కింద 'మూసేశాను' అని రాస్తాను. లావుపాటి నవలైనా అంతే, నాలుగు పేజీల కథైనా అంతే. గ్రహాంతరవాసికి మూడు తలలు పెట్టుకోమనండి, నేను కాదనను. చలిగది తలుపు బార్లా తెరిచిపెట్టి, బయటి తేమగాలికి లోపల రవ్వంత మంచు కూడా పేరుకోలేదంటే మాత్రం ఊరుకోను.

"కోడిగుడ్డుకు ఈకలు పీకడం అంటే ఇదే" అంటుంది నా భార్య. అననీండి. ఎవరి పని వాళ్లకి ముద్దు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఆమెకు గుండెలో ఒక కవాటం చెడింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. అందాకా మా ఇంట్లోనే ఉండాలని, నేను చదువుకునే గదిలో మంచం వేశారు. నా కుర్చీ వంటింటి పక్కకి పోయింది. చిట్టా అలమరలోనే ఉండిపోయింది.

వారం తిరక్కముందే నన్ను పిలిపించింది.

"అల్లుడూ, ఇవన్నీ నువ్వే రాశావా?" చిట్టా ఆమె ఒళ్లో ఉంది.

"అవునత్తయ్యా. పుస్తకాలు కావాలంటే అవిగో, పైఅరలో ఉన్నాయి."

"చీమ తలకాయంత అక్షరాలు, వాటిని ఎవడు చదువుతాడు? నీ అక్షరాలు గుండ్రంగా, పెద్దగా ఉన్నాయి, ఇదే బాగుంది. కానీ ఏంటయ్యా ఇది, ఒక్కదానికైనా చివర లేదు! అంగారకుడి మీద వాడు దారి తప్పాడు, మూసేశాను. రోబోకి జ్వరం వచ్చింది, మూసేశాను. మనుషుల్ని నడివీధిలో వదిలేసి నీ దారిన నువ్వు పోతే ఎలా?"

"తప్పులున్నాయండీ."

"తప్పుల్లేని మనిషి ఎవడు? అది సరే. ఈ మంచుగదిలో ఆవిడ లేచిందా?"

ఆ నవల పేరే 'మంచుగది'. దూరపు నక్షత్రానికి వెళ్లే ఓడలో ప్రయాణికుల్ని గడ్డకట్టించి నిద్రపుచ్చుతారు. ఒకావిడ పిల్లలకి టాటా చెప్పి, ఆ గదిలో పడుకుంటుంది. మూత పడుతుంది. సరిగ్గా అక్కడ నేను మూసేశాను. ఎందుకంటే ఓడ మొత్తానికి ఒకటే కంప్రెసర్! చిట్టాలో కథ కింద నేను రాసింది ఇదీ: "బంగాళాదుంపలకే, ఒకటి చెడితే ఇంకొకటని, రెండు మిషన్లు పెడతాం. మనుషులకు ఒకటా? రచయితకు బుద్ధి లేదు. మూసేశాను."

"తెలీదండీ" అన్నాను.

"తెలుసుకుని చెప్పు. అప్పుడు పెడతా ఆ సంతకం."

ఆపరేషన్ కాగితం మీద సంతకం అన్నమాట. తేదీ దగ్గర పడుతోంది. కాగితం ఆమె దిండు పక్కనే ఉంది, పెన్నుతో సహా. మా ఆవిడ బతిమాలింది, బావమరిది బతిమాలాడు. ఆమె వినలేదు.

నిజానికి ఇంట్లో నడుస్తున్న కథ వేరే. డాక్టరు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు: ఈ వయసులో ఈ ఆపరేషన్‌కి పదిమందిలో ఇద్దరు తిరిగి కళ్లు తెరవకపోవచ్చు, చేయించకపోతే మాత్రం ఏడాది కూడా కష్టం. బయటికి రాగానే అక్కాతమ్ముళ్లిద్దరూ ఒక్కటై తీర్మానించారు, అమ్మకి చెప్పకూడదని. "చిన్న ఆపరేషనమ్మా, పన్ను పీకించుకున్నట్టే" అని బావమరిది ఆమె ముందు ఇకిలించాడు. "నీ నోరు మంచిది కాదు బావా, నువ్వు అసలు మాట్లాడకు" అని నాకు చెప్పాడు. నేను మాట్లాడలేదు. ఆ గదిలోకి వెళ్లడమే తగ్గించాను. ఆమెను చూస్తే నా మొహం నాకు అడ్డొచ్చేది.

లైబ్రరీకి వెళ్లి 'మంచుగది' మళ్లీ అడిగాను. లైబ్రేరియన్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "తిట్టి వెనక్కిచ్చిన పుస్తకం మళ్లీ కావాలా? ఒంట్లో బాగుందా?" అన్నాడు. అక్కడే మెట్ల మీద కూర్చుని మిగతాదంతా చదివాను.

చదివాక చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఒకే కంప్రెసర్ ఉండడం రచయిత తప్పు కాదు. ఓడ నడిపే కంపెనీవాళ్లు పిసినారితనంతో రెండోది పెట్టరు. కథంతా దాని మీదే నడుస్తుంది. నేను తప్పు పట్టుకున్నాననుకున్న చోటే అసలు కథ మొదలైంది. దారి మధ్యలో మిషన్ చెడిపోయింది. ఆవిడ లేవలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను.

"లేచిందని చెప్పండి. మీకు పుణ్యం ఉంటుంది" అంది, కళ్లనీళ్లు కుక్కుకుంటూ.

ఆమె ఏడిస్తే నేను నిలబడలేను. చిట్టా తీసి రాశాను: "మంచుగది. పూర్తి చేశాను. ఆవిడ క్షేమంగా లేచింది, పిల్లల్ని కలుసుకుంది. బాగుంది." తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టాను.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. కళ్లజోడు తీసి నా వైపు చూసింది.

"బాగుందా?"

"బాగుందండీ."

"ఇంత లావు చిట్టాలో ఒక్కదాన్నైనా బాగుంది అన్నావా నువ్వు? దేవుడు దిగొచ్చి రాసినా ఏదో ఒక బోల్టు వదులైందనేవాడివి. ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్ల మాటలు చెవిలో పెట్టుకుని కూర్చున్నాను నాయనా. నా చెవిలో పువ్వు పెట్టకు. చచ్చిపోయిందా?"

"చచ్చిపోయింది" అన్నాను.

"మిషన్ పాడైందా?"

"అవునండీ."

"నువ్వు ముందే అన్నావుగా" అంది, నన్ను మెచ్చుకుంటున్నట్టు. చిట్టా మూసి పక్కన పెట్టింది. "ఇప్పుడు నా సంగతి చెప్పు. డాక్టరు ఏమన్నాడు?"

గుమ్మంలో మా ఆవిడ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. వద్దన్నట్టు తలూపుతోంది. నేను చూశాను. చూసి కూడా చెప్పేశాను. పదిమందిలో ఇద్దరు. చేయించకపోతే ఏడాది. ఒక్క ముక్క తగ్గించలేదు, ఒక్క ముక్క కలపలేదు.

"మీకు మతి ఉందా అసలు?" అని అరిచింది మా ఆవిడ.

అత్తగారు చెయ్యెత్తి ఆమెను ఆపింది. గోడ వైపు చూస్తూ వేళ్లు మడుచుకుంది, తెరిచింది.

"ఇద్దరేనా?" అంది చివరికి. "నేను పదిమందికి పదిమందీ అనుకున్నానే! నువ్వూ నీ తమ్ముడూ గదిలోకి వచ్చి అన్ని పళ్లూ బయటపెట్టి నవ్వుతుంటే మనిషి ఇంకేమనుకుంటుంది? రాత్రంతా కళ్లు మూసుకోవాలంటేనే భయమేసేది నాకు." కాగితం ఒళ్లోకి తీసుకుంది. "ఆ పెన్ను ఇటివ్వు."

సంతకం పెట్టింది. మా ఆవిడ మంచం మీద కూలబడి వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. నేను గ్లాసు తీసి బల్ల మీద పెట్టాను. ఎవరో ఒకరు పెట్టాలి కదా.

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీద తీసుకెళ్తుండగా నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకొకటి ఆపావే, నీటి కింద ఊరు కథ. ఊరు మునిగిందా లేదా చదివిపెట్టు. నేను లేస్తే అడుగుతా. లేవకపోతే నీకు ఆ బాధ లేదు."

"అలాగేనండీ."

తలుపు మూసుకుంది. ఇదీ అడుగుతుందని ముందే ఊహించి ఆ పుస్తకం సంచిలో పెట్టుకొచ్చాను. వరండాలో బెంచీ మీద కూర్చుని తెరిచాను. పక్కన మా ఆవిడ, అవతల బావమరిది. వాడు ఈసారి నవ్వే ప్రయత్నం చెయ్యలేదు.

మధ్యాహ్నం దాటాక ఆపరేషన్ అయిందన్నారు. మత్తు దిగేసరికి సాయంత్రమైంది. ఒక్కొక్కరినే లోపలికి పంపారు. మా ఆవిడ వెళ్లి వచ్చి, "మిమ్మల్ని రమ్మంటోంది" అంది.

అత్తగారి మొహం పాలిపోయి ఉంది. పెదాలు ఎండిపోయాయి. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"మునిగిందా?" అంది. మాట సరిగ్గా రావడం లేదు.

"తెలీదత్తయ్యా."

"మళ్లీ మూసేశావా? ఏం తప్పు దొరికింది?"

"తప్పేం లేదండీ. పొద్దున్నుంచీ ఒక్క పేజీయే తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం తలకెక్కలేదు. భయమేసింది."

ఆమె కళ్లు మూసుకుంది. "కూర్చో అయితే. పైకి చదువు, ఇద్దరం విందాం" అంది.