వెనక కుట్టులో వదిలిన గుడ్డ

ఆ రోజు తలుపు మూసినవాడిదే తప్పు. నలభై ఆరేళ్లుగా శౌరయ్య మనసులో అది తేలిపోయిన విషయం. పది నిమిషాల ఆలస్యానికి బయట నిలబెట్టేవాడు మనిషే కాడు.

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో కొడుకింటి హాల్లో కూర్చుని ఆయన మళ్లీ అదే అనుకున్నాడు. మనవరాలు ఎల్సా ఆ సాయంత్రం ఒపేరా అనే పాటల నాటకానికి వెళుతోంది. యూనివర్సిటీలో విద్యార్థులకు ఇచ్చిన టికెట్. కట్టుకున్నది నానమ్మ పెళ్లిచీర. తెల్ల పట్టు, సన్నని జరీ అంచు. సువర్ణకుమారి పోయి రెండేళ్లయింది. చీర మడతల్లో కలరా ఉండల వాసన ఇంకా పోలేదు.

"తొందరగా కానియ్యవే," అంది కోడలు ఫేబీ, కూతురి కుచ్చిళ్లు సర్దుతూ. "లేకపోతే మీ నానమ్మలా నువ్వూ తలుపు బయటే."

"ఓ మై గాడ్, ఆ స్టోరీ! నానమ్మ మేకప్‌కి త్రీ అవర్స్ కదా తాతయ్యా?"

తల్లీకూతుళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

నలభై ఆరేళ్ల కిందట ఆయన మెల్‌బోర్న్‌లో నేలల శాస్త్రం చదివే స్కాలర్‌షిప్ విద్యార్థి. రేపల్లె పక్క పల్లెలో మిషన్ బడి చదువు. ఇంగ్లీషులో నాలుగు మాటలు ఆడితే చెమట పట్టేది. సువర్ణకుమారి కాపురానికి వచ్చి ఆరు నెలలు. పెళ్లికి ముందు చర్చి క్వయర్‌లో పాడేది. ప్రొఫెసర్ తనకు కుదరక రెండు ఒపేరా టికెట్లు ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఆవిడ లైబ్రరీ నుంచి ఆ ఒపేరా క్యాసెట్ తెచ్చుకుని పొయ్యి దగ్గర అదే వినేది. ఆ పాటల భాష ఒక్క ముక్క రాదు.

"ఆ మూడో పాటలో ఆవిడ ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో చూడాలండీ," అనేది.

ఒపేరా రోజు సాయంత్రం నాలుగింటికే తయారైంది. చీర నలగకుండా, వెనక్కి ఆనకుండా మంచం అంచున కూర్చుంది.

శౌరయ్య పెళ్లి సూటే వేసుకుంటానని పట్టుబట్టాడు. ప్యాంటు బొత్తాం పట్టలేదు.

"ఇంకోటి వేసుకోండి. ఎవరు చూస్తారు?"

"నువ్వు రాణిలా, నేను నీ పాలేరులా రావాలా?"

తెనాలి దర్జీ తెలివైనవాడు. పెళ్లికొడుకు లావెక్కుతాడని వెనక కుట్టులో రెండు వేళ్ల గుడ్డ వదిలాడు. సువర్ణ ఆ పట్టుచీరతోనే నేల మీద కూర్చుని, కుట్టు విప్పి, ఆ గుడ్డతో నడుం వదులు చేసి, మళ్లీ కుట్టింది. అంతసేపు కాపాడుకున్న కుచ్చిళ్లు నలిగాయి.

"టికెట్ మీద ఏడున్నర అని రాశారండీ."

"ఏడున్నరంటే ఎనిమిది. మన రేపల్లెలో ఏ సభ టైముకి మొదలైందే?"

ఏడూ నలభైకి చేరారు. తలుపులు మూసి ఉన్నాయి. ఇంటర్వెల్‌లో పంపిస్తానన్నాడు అక్కడి మనిషి. అంటే ఇంకో గంట. సువర్ణ తలుపుకి చెవి ఆనించింది. లోపల సన్నగా ఒక గొంతు.

"మూడోది ఇంకా రాలేదండీ. గంటేగా, నిలబడదాం."

"బిచ్చగాళ్లలాగా? పద."

మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. రైల్లో కూడా ఆవిడ వెనక్కి ఆనలేదు.

ఆదివారం ప్రార్థనకు వచ్చిన తెలుగువాళ్లు ఎలా ఉందని అడిగారు.

"ఆడవాళ్ల ముస్తాబు తెలుసుగా. మేం వెళ్లేసరికి తలుపేశారు," అన్నాడు.

అందరూ నవ్వారు. సువర్ణ ఒక్కసారి ఆయన వంక చూసి, తనూ నవ్వింది. ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. ఆవిడ ఏ రోజూ కాదనలేదు. ఏటా ఒకసారి మాత్రం, "ఈసారి వెళ్దామా?" అనేది. "ఆ గడప తొక్కను," అనేవాడు. ఒక ఏడాది అడగడం మానేసింది. ఏ ఏడాదో ఆయనకు గుర్తు లేదు.

ఎల్సా సోఫా అంచున కూర్చుంది. చీర నలగకుండా, వెనక్కి ఆనకుండా. ఫేబీ భుజం మీద పిన్ను పెడుతోంది. శౌరయ్య ఆ తెల్ల వెన్ను వైపు చూశాడు. సువర్ణ ఒక్కసారి ఇటు తిరిగితే చాలనిపించింది. తిరిగింది ఎల్సా.

"మా ఫ్రెండ్స్‌కి కూడా చెప్పా తాతయ్యా, నానమ్మ లేట్ అయిన స్టోరీ..."

"మీ నానమ్మ నాలుగింటికే తయారైంది."

ఫేబీ చెయ్యి ఆగిపోయింది. "ఏంటి మావయ్యగారూ?"

"ఆలస్యం నాది. నా ప్యాంటు పట్టలేదు. కుట్టి ఇచ్చింది ఆవిడ. బయట గంట నిలబడదామంది. నేనే లాక్కొచ్చాను. ఇన్నాళ్లూ మీకు చెప్పింది అబద్ధం."

"దెన్ వై డిడ్న్ట్ షి సే ఎనీథింగ్?"

"తెలీదు. నేను అడగలేదు."

ఆయన గడియారం చూశాడు.

"ఇప్పుడే బయల్దేరు. గంట ముందే లోపల కూర్చో. వాళ్లు ఎవరి కోసమూ ఆగరు. పాడే మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో చూసిరా."

"తాతయ్యా, వచ్చాక నానమ్మ గురించి మొత్తం..."

"పాట గురించి చెప్పు, వింటాను. ఆ రోజు సంగతి ఇక నా దగ్గర ఎత్తొద్దు. ఇంకెప్పుడూ మాట్లాడను."