బేబీ కుసుమ కూతురు

తన కూతురు ఎంత బాగా ఏడుస్తోందో అని ఎవరైనా మెచ్చుకుంటారేమోనన్నదే కుసుమకున్న భయాలన్నింట్లోకీ పెద్ద భయం. జ్వరాలకూ, లారీలకూ, మేడ మెట్లకూ కూడా భయపడేది. కానీ వాటికి మందులున్నాయి, చెయ్యి పట్టుకోవడముంది, తలుపు గడియ ఉంది. దీనికి ఏదీ లేదు. పోయిన ఆదివారం అదే జరిగింది. చిక్కడపల్లిలో ఆమె భర్త శ్రీశైలం నడిపే వీడియో క్యాసెట్ల దుకాణంలో ఐదేళ్ల నవనీత స్టూలు మీంచి పడి ఏడ్చింది. అక్కడే ఉన్న సూర్యనారాయణమూర్తి గారు పిల్లను లేవదీయకుండా కాసేపు చూసి, "అబ్బ, తల్లి పోలికే! ఆ పెదవి ఎలా వణుకుతోందో చూడవయ్యా," అన్నారు. ఆయన ఒకప్పుడు మద్రాసులో సినిమాలకు మేనేజరు, ఇప్పుడిక్కడ టీవీ సీరియళ్లకు. సీరియల్లో వేషం వేయిద్దామంటే శ్రీశైలం అక్కడికక్కడే సరేనన్నాడు. కుసుమకు చెప్పింది అన్నం తినేటప్పుడు, పప్పులో ఉప్పు తగ్గిందన్న మాట తర్వాత.

బుధవారం పొద్దున అశోక్‌నగర్ ఇంట్లో కుసుమ తిరిగొచ్చిన క్యాసెట్లు తుడుస్తూ, మధ్యమధ్య నవనీతకు జడలు వేస్తోంది. రోజూ ముప్ఫై నలభై క్యాసెట్లను మొదటికి తిప్పి, తుడిచి, డబ్బాల్లో పెట్టేది ఆమే. అయినా అందరి లెక్కలో దుకాణం పని శ్రీశైలానిదే. వాటిలో ఆమె నటించినవీ ఉండేవి. "నా పెండ్లాన్ని నలుగురు జూసుడేంది" అని పెళ్లైన కొత్తలో దుకాణం గోడ మీది ఆమె ఫోటో తీసేసిన మనిషి, ఆ క్యాసెట్లను మాత్రం ముందు వరసలోనే పెట్టాడు.

"వద్దని మీరన్న చెప్పుండ్రి అత్తమ్మా. చిన్నపిల్ల," అంది కుసుమ.

బాలనాగమ్మ చాయ్ ఊదుకుంటూ, "ఇంట్ల పుక్యానికి ఏడుస్తనే ఉంటది గదనే! గాడ ఏడిస్తే పేరన్న వస్తది. నువ్వు జేయలేదా? సచ్చినవా?" అంది.

చావలేదు. ఆరేళ్లకు బేబీ కుసుమ అయింది. పదకొండు సినిమాల్లో రిబ్బన్లు కట్టుకుని, పలక పట్టుకుని బడికెళ్లింది. నిజం బడి రెండో తరగతితోనే సరి. పదమూడేళ్లొచ్చాక, పొడుగు తెలియకుండా గౌను కింద మోకాళ్లు వంచి నిలబడడం అమ్మ అరుంధతే నేర్పింది. అదీ ఎంతకాలం? తర్వాత నాలుగేళ్లు ఎవరూ పిలవలేదు. పద్దెనిమిదో ఏట పేరు ముందున్న బేబీ తీసేసి చీర కట్టారు. చిన్నప్పుడు నాన్న వేషంలో ఆమెను భుజాన మోసిన నటుడే ఇప్పుడు పక్కన హీరో. "నా భుజం మీద నిద్రపోయి చొంగ కార్చిన పిల్లయ్యా ఇది!" అని అతనంటే సెట్టంతా నవ్వింది. తనూ నవ్వింది. అక్కడ నవ్వడం కూడా పనిలో భాగమే. హీరోయిన్‌గా మూడు సినిమాలు చేసింది. ముగ్గురు నిర్మాతలూ ఒకే మాటన్నారు, ఏడుపు సీన్లలో ఈ అమ్మాయికి తిరుగులేదని.

ఆ ఏడుపు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. మొదటి సినిమాలో ఎంతకీ కన్నీళ్లు రాకపోతే, మూర్తిగారు అరుంధతిని నీళ్ల ట్యాంకు వెనక నిలబెట్టి, "మీ అమ్మ నిన్నొదిలేసి వెళ్లిపోయిందమ్మా," అన్నారు. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ట్యాంకు వెనక నుంచి అమ్మ గర్వంగా నవ్వుతూ వచ్చింది. ఆ తర్వాత ప్రతి సినిమాలోనూ అమ్మ ఏదో ఒకదాని వెనక నిలబడింది. కుసుమ హీరోయిన్‌గా చేస్తున్న మూడో సినిమా మధ్యలో అరుంధతి ఆసుపత్రిలో పోయింది. మూర్తిగారే సెట్టు మీదికొచ్చి, "అమ్మ పోయిందమ్మా," అన్నారు. కుసుమ ముఖం సర్దుకుని, "క్లోజప్పా సార్?" అని అడిగింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. శ్రీశైలానికి కూడా. చెబితే నవ్వుతాడని కాదు, దుకాణంలో నలుగురికీ చెబుతాడని.

షూటింగ్ ఆ రోజే, నారాయణగూడలో కిరాయికి తీసుకున్న ఒక పాత ఇంట్లో. నవనీతకు నీలం గౌను తొడిగారు. తల్లి చనిపోయిన పిల్ల వేషం.

"కుసుమా, నువ్వు కాసేపు గేటు బయటుండమ్మా. నువ్వు కనబడితే పాప ఏడవదు. నీకు నేను చెప్పాలా?" అన్నారు మూర్తిగారు ఎంతో ఆప్యాయంగా.

"పో, పో. జల్దీ అయితది," అన్నాడు శ్రీశైలం.

వెళ్లింది. ఇరవై ఏళ్లుగా నిలబడమన్న చోట నిలబడిన కాళ్లవి. పక్కనే లేస్తున్న మేడ దగ్గర, పాలమూరు నుంచి పనికొచ్చిన మాసమ్మ ఇసుక జల్లిస్తోంది. ఆమె ఆరేళ్ల కూతురు ముత్యాలు గేటు కమ్మీల్లోంచి లోపలికి చూస్తోంది.

"గా పిల్ల నీ బిడ్డెనా అక్కా? గౌను మస్తుగుంది," అంది మాసమ్మ. కుసుమ తలూపింది.

లోపల్నుంచి మూర్తిగారి మాట వినబడింది. అమ్మ వదిలేసి వెళ్లిపోయిందన్న అదే మాట. నవనీత ముందు నమ్మలేదు. "అమ్మా?" అంది. ఆ తర్వాత ఏడుపు మొదలైంది. కుసుమ చెవి దాన్ని అలవాటుగా తూచింది. గొంతు తొందరగా వదిలేసింది, ఇంకాస్త బిగబట్టాలి... ఆ, ఇప్పుడు బాగుంది.

బాగుందనుకున్నది తనే. గేటు తోసుకుని, కెమెరాకు అడ్డంగా పరుగెత్తి, "ఈడనే ఉన్న బిడ్డా, నేన్యాడికి పోలే," అంటూ పిల్లను ఎత్తుకుంది.

"అయ్యయ్యో, బంగారంలాంటి షాటమ్మా!" అన్నారు మూర్తిగారు.

"దిమాక్ ఖరాబైందానే నీకు? నా ఇజ్జత్ తీస్తున్నవ్!" అని అరిచాడు శ్రీశైలం.

"నీ ఇజ్జత్ నువ్వే ఏడ్చి సంపాదించుకో," అంది కుసుమ. ఆరేళ్ల కాపురంలో అతనికి ఎదురు చెప్పిన మొదటి మాట అది. గౌను విప్పి కుర్చీ మీద పడేసి, పిల్లకు ఇంటి బట్టలు తొడిగి, బయటికొచ్చి ఆటో ఎక్కింది.

ఆటో డ్రైవరు అద్దం తుడుచుకుని బండి తిప్పేసరికి, నీలం గౌనులో ముత్యాలు గేటు దగ్గర గిరగిరా తిరుగుతోంది, కుచ్చులు ఎంత ఎత్తు లేస్తాయో చూసుకుంటూ. మూర్తిగారు మాసమ్మకేదో చెబుతున్నారు. మాసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, సంబరంగా తలూపి, ఇసుక కుప్ప వెనక్కి వెళ్లి కూర్చుంది.

కుసుమ ఆటో ఆపమనలేదు. ఒళ్లో నవనీత ఎక్కిళ్లు ఇంకా ఆగలేదు, అందుకని. మిగతా సాకులు తర్వాత వెతుక్కుంది, ఏదీ నిలవలేదు.

రెండు రోజుల తర్వాత వెళ్తే అక్కడ వేరే కూలీలున్నారు. మాసమ్మ వాళ్లు అడిక్‌మెట్ వైపు పనికి పోయారన్నారు. నవనీతను చంకనేసుకుని రెండుసార్లు ఆ గల్లీలన్నీ తిరిగింది. దొరకలేదు. "వాళ్లేమన్న మన సుట్టాలా? గంత పరేషాన్ ఎందుకే?" అంది బాలనాగమ్మ. శ్రీశైలం అసలు మాట్లాడడం లేదు.

మీలో ఎవరైనా అటువైపు వెళ్తే, లేస్తున్న మేడల దగ్గర ముత్యాలు అనే ఆరేళ్ల పిల్ల ఉందేమో అడగండి. ముందు పళ్లు రెండూ ఊడి ఉంటాయి. కనబడితే టీవీలో బాగా చేశావని మాత్రం అనకండి. వాళ్లమ్మ పక్కనే ఉన్నా సరే, "మీ అమ్మ యాడుందే?" అని ఒక్కసారి అడగండి. నవ్వి చెయ్యి చూపిస్తుందో, గోడల వెనకా కుప్పల వెనకా వెతుకుతుందో చూసి, వచ్చి కుసుమకు చెప్పండి.